కొన్ని కణములకు వైరసు ఏల సోకదు?

పోలియో వైరసు కలుషితమైన నీటితోడనో ఆహారముతోడనో నోటిలో ప్రవేశించి, గొంతులోను ప్రేగులలోను వృద్ధిపొంది, అచ్చటినుండి రక్తములో కలిసి దేహమంతట సంచరించును. కాలేయమునకు, మూత్రపిండములకు, గుండెకు, ఊపిరితిత్తులకు ఆ రక్తమే చేరుచున్నను ఆ యవయవములకు చెప్పుకోదగిన హాని కలుగదు; వైరసు నాడీమండలమును చేరిన అరుదైన సందర్భములలో మాత్రము వెన్నుపాము ముందుకొమ్ములందలి చాలక నాడీకణములను ఏరి ఏరి చంపును. సోకినవారిలో పక్షవాతమునకు గురియగువారు సుమారు 200 మందికి ఒకరు. ఒకే రక్తముచే పోషింపబడుచు, ఒకే జన్యుసంపదను ధరించియున్న కణములలో కొన్ని ఈ వైరసునకు బలియగుటకును, తక్కినవి చెక్కుచెదరకుండుటకును కారణమేమి?

ఈ సమీక్షలో నేను ప్రతిపాదింపదలచినది ఒక్కటియే. కణముయొక్క ఉపరితలమున వైరసునకు తగిన గ్రాహకము ఉన్నదా లేదా అనునది ఈ ప్రశ్నలో మొదటి భాగము మాత్రమే. ప్రతి మహమ్మారి వెంటను గ్రాహకము దొరికినదన్న వార్త వెలువడగానే రహస్యమెల్ల తేటతెల్లమైనట్లు భావించుట మనకు అలవాటైనది గాని, కణము చూపు నిరోధము పెక్కు సందర్భములలో ఆ ద్వారము దాటిన పిమ్మటనే కానవచ్చుచున్నది.

1936లో సాబిన్, ఒలిట్స్కీ అను శాస్త్రజ్ఞులు మానవపిండముయొక్క వివిధ కణజాలములలో పోలియో వైరసును పెంచజూచి, నాడీకణజాలమునందు తప్ప మరెచ్చటను అది వృద్ధిచెందకుండుట గమనించి, ఇది నాడులనే ఆశ్రయించునదని నిర్ణయించిరి. 1949లో బోస్టను నగరమున జాన్ ఎండర్స్, థామస్ వెల్లర్, ఫ్రెడరిక్ రాబిన్స్ అనువారు చర్మకండరాది నాడీయేతర కణజాలములలో దానిని చక్కగా పెంచి చూపి ఆ నిర్ణయమును తలక్రిందులు చేసిరి. అందులకు 1954లో వారికి నోబెల్ బహుమానము లభించినది. తరువాత సాల్క్ టీకామందునకు వలయు వైరసును కోతి మూత్రపిండకణములలోనే పెంచిరి. ఇచ్చట ఒక చిత్రమును పాఠకులు గమనింపవలెను. సజీవమైన కోతి దేహములో ఆ మూత్రపిండమును పోలియో వైరసు ముట్టదు. దానినే వెలికితీసి, తునియలు చేసి, గాజుపాత్రలో పోషకద్రవమునందు పెంచినచో కొలది దినములకే అందలి కణములు వైరసునకు వశమగును. జన్యువులు అవియే, పరిసరము మాత్రమే మారినది. ఈ చిక్కును విప్పుటకు శాస్త్రమునకు అర్ధశతాబ్దికి పైగా పట్టినది.

మధ్యలో, 1959లో, హాలండు, మెక్లారెన్, సివర్టన్ అను మువ్వురు చేసిన ప్రయోగము ఈ ప్రశ్నలో మైలురాయివంటిది. దానిని కొంత వివరముగా చెప్పుట యుక్తము. మానవుల కణములకును కోతుల కణములకును పోలియో సోకును. కుందేలు, ఎలుక, కోడిపిల్ల మొదలైన వాని కణములకు సోకదు. ఈ సోకని కణములలో వైరసు వృద్ధికి వలయు సామగ్రి లేదా, లేక వైరసు లోనికి పోలేకున్నదా? దీనిని తేల్చుటకై వారు ఫీనాలు అను ద్రవముతో వైరసుయొక్క ప్రోటీను కవచమును తొలగించి, లోపలి ఆర్.ఎన్.ఏ.ను మాత్రము విడదీసి, దానిని సోకని కణములమీద పోసిరి. కవచముతో కూడిన వైరసునకు లొంగని ఆ కణములే వట్టి ఆర్.ఎన్.ఏ.ను గ్రహించి, నిండు కవచముగల క్రొత్త వైరసులను తయారుచేసి వెలువరించినవి. అయితే ఆ క్రొత్త వైరసులు ప్రక్కకణములోనికి పోలేకపోయినవి. ఏలయన వానికి కవచమున్నది, ప్రక్కకణమునకు గ్రాహకము లేదు. కావున వ్యాధి ఒక్క తరముతోనే ఆగిపోయినది. నిరోధము కణముయొక్క గడపకడనే యున్నదని ఇంతకంటె స్పష్టముగా చూపు ప్రయోగము నేనెరుగను.

ఆ గ్రాహకముయొక్క జన్యువును 1989లో మెండెల్సన్, విమ్మర్, రకనీయెల్లో ప్రభృతులు వేరుచేసిరి. మరుసటి యేడు ఆ మానవజన్యువును ఎలుకలలో ప్రవేశపెట్టగా, తరతరములుగా పోలియో ఎరుగని ఆ జంతువులకు పక్షవాతము వచ్చినది. ఇంతటితో కథ ముగిసినదని తోచును, కాని ముగియలేదు. గ్రాహకము వైరసు ముట్టని పెక్కు అవయవములలోను ఉన్నట్లు తేలినది. 2005లో జపాను శాస్త్రజ్ఞులు ఇట్టి ఎలుకలలో వైరసు సోకిన కణము పొరుగుకణములను హెచ్చరించుటకై వెలువరించు ఇంటర్ఫెరాను అను ప్రోటీను సంకేతమును అందుకొను శక్తిని తొలగించి చూడగా, కాలేయము, ప్లీహము మొదలైన అవయవములలోనికి సైతము వైరసు విజృంభించినది. అనగా ఆ అవయవములు అంతవరకు క్షేమముగా నుండుటకు హేతువు గ్రాహకము లేకపోవుట కాదు. వైరసు అడుగిడిన వెంటనే ఇంటర్ఫెరాను మేల్కొలిపిన రక్షణ. దేహములోవలె ఈ రక్షణ దొరకని గాజుపాత్రలో మూత్రపిండకణములు లొంగిపోవుటయు ఈ వెలుగులో అర్థవంతమగుచున్నది.

ఇతర వైరసుల ద్వారములను గూర్చియు కొంత చెప్పవలెను. 1941లో జార్జి హర్స్ట్ ఇన్‌ఫ్లుయెంజా వైరసు కోడి ఎర్రరక్తకణములను ముద్దగట్టించుట గమనించెను. వైరసు ఆ కణములకు అంటుకొనును, కాని వానిలో పెరిగి వ్యాధిని వ్యాపింపజేయదు. అంటుకొనుట వేరు, సోకుట వేరు. కణముల ఉపరితలమున చక్కెరగొలుసుల చివర నుండు సియాలికామ్లమే ఈ వైరసునకు ఆధారము. మానవజాతిలో వ్యాపించు రకములు ఆ యామ్లము ఒక విధముగా బంధింపబడినచో గ్రహించును, పక్షులలో వ్యాపించు రకములు వేరొక విధముగా బంధింపబడినచో గ్రహించును. మన ముక్కులోను శ్వాసనాళము పైభాగమునను మొదటి విధము హెచ్చు. రెండవది ఊపిరితిత్తుల లోతులలో కానవచ్చును. పక్షిఫ్లూ మనిషికి సోకినప్పుడు తీవ్రమైన న్యుమోనియా కలిగించియు, మనిషినుండి మనిషికి సులభముగా పాకకుండుటకు ఇది ఒక కారణము. పైగా అంటుకొన్న వైరసు లోనికి పోవుటకు దాని ఉపరితల ప్రోటీనును ముందుగా ఒకచోట త్రెంచవలెను. ఆ త్రెంచు ఎంజైము సాధారణ రకములకు శ్వాసమార్గమువంటి కొలది చోటులనే దొరకును. కోళ్లను మందలు మందలుగా చంపు ఉగ్రరకములలో ఆ త్రెంపుచోటు మారిపోయి, దాదాపు ప్రతి కణములోను ఉండు ఫ్యూరిను అను ఎంజైమే దానిని త్రెంచగలుగుటచే, వ్యాధి పక్షి దేహమంతట వ్యాపించును. గ్రాహకము మారలేదు, కత్తి దొరకు చోటులు పెరిగినవి.

ఎబోలా వైరసుయొక్క తీరు మరింత విస్మయకరము. అది కణముచే మ్రింగబడి, లోపలి బుడగలో ప్రయాణించి, అచ్చట ఎన్.పి.సి.1 అను ప్రోటీనును కలిసికొన్న పిమ్మటనే బయటపడగలదు. అనగా దాని నిజమైన గ్రాహకము కణముయొక్క గర్భములో దాగియున్నది. 2011లో ఇది వెల్లడియైనది. కొలెస్టరాలును కణములో చేరవేయు ఈ ప్రోటీను లోపించుటచే కలుగు నీమన్-పిక్ వ్యాధిగ్రస్తుల చర్మకణములను పరీక్షింపగా, వానికి ఎబోలా సోకలేదు. రక్తపింజరి పామునుండి తీసి పెంచిన కణములలో కూడ ఆ ప్రోటీను ఆకృతి వేరగుటచే వైరసు లోబుడగలోనే చిక్కుబడిపోయినది. (ఈ పామును పాశ్చాత్య శాస్త్రమునకు పరిచయము చేసిన పాట్రిక్ రస్సెల్ విశాఖపట్టణమున ఉద్యోగము చేసినవాడు; 1796లో అచ్చయిన తన సర్పగ్రంథమున దీనిని కాటుకరేకులపొడ అను మన తెలుగు పేరుతోనే పేర్కొనెను.)

ఇక ద్వారము తెరచియున్నను లోపల వలయు వస్తువు లేకపోవుటచే వైరసు నిష్ఫలమగు సందర్భములు. దీనికి కాలేయమే గొప్ప నిదర్శనము. హెపటైటిస్ బి వైరసు కాలేయకణములోనికి పోవు ద్వారమును 2012లో బీజింగు నగరమున వెన్‌హుయ్ లీ బృందము కనుగొన్నది. అది పైత్యలవణములను లోనికి తీసికొనుపోవు ఎన్.టి.సి.పి. అను ప్రోటీను. హెపటైటిస్ డి వైరసు బి వైరసు కవచమునే అరువు తెచ్చుకొని తిరుగును గనుక దానికిని ద్వారము అదియే. మానవుల ఎన్.టి.సి.పి. జన్యువును ఎలుకలకు ఇచ్చి చూచిరి. ఒకే కవచము ధరించి, ఒకే ద్వారమున ప్రవేశించిన ఈ రెండింటిలో డి వైరసు ఎలుకకాలేయమున వృద్ధిపొందినది, బి వైరసు మాత్రము వృద్ధిపొందలేదు. గ్రాహకమే సర్వమని వాదించువారికి ఈ యొక్క ఫలితము చాలును. హెపటైటిస్ సి వైరసు విషయములోను ఇట్టిదే: కాలేయకణములలో విస్తారముగా నుండు మైక్రో ఆర్.ఎన్.ఏ.-122 అను చిన్న అణువు ఆ వైరసు ఆర్.ఎన్.ఏ. మొదటి కొసకు అంటుకొని కాపాడనిచో అది నిలువదని 2005లో తేలినది. తన జన్యువులను అదుపులో ఉంచుటకై కాలేయకణము సిద్ధపరచుకొన్న అణువును వైరసు తన రక్షకునిగా మార్చుకొన్నది. ఆ యణువు అంతగా లేని ఇతరకణములు ఏ యాయుధమును పట్టకయే క్షేమముగా నున్నవి.

పిల్లలకు చెంపలు ఎర్రబారు జ్వరము తెచ్చు పార్వోవైరసు బి19ని 1975లో లండనులో కనుగొనిరి. అది ఎముకమజ్జలో విభజన చెందుచున్న ఎర్రరక్తకణముల పూర్వరూపములలోనే వృద్ధిపొందును, ఏలయన డి.ఎన్.ఏ.ను తిరిగి వ్రాయు యంత్రాంగము దానికి స్వంతముగా లేదు, విభజించుచున్న కణమునుండియే దానిని పొందవలెను. పూర్తిగా ఎదిగిన ఎర్రకణము ఉపరితలమున వైరసు గుర్తించు పి ప్రతిజనకము సమృద్ధిగా నున్నను, ఆ కణమునకు కేంద్రకమే లేదు. అంటుకొన్న వైరసునకు అచ్చట చేయదగిన పని లేదు. ఆ ప్రతిజనకమే జన్మతః లేని అత్యల్పసంఖ్యాకులకు ఈ వైరసు సోకనే సోకదని 1994లో ప్రకటింపబడినది.

లేమివలన కలుగు ఈ నిరోధమును, ఆయుధమువలన కలుగు నిరోధమును వేరుపరచుట ఎట్లు? బయటినుండి చూచినచో రెండును ఒకటియే; వైరసు పెరుగలేదు, అంతే. ఇందులకు శాస్త్రజ్ఞులు పన్నిన ఉపాయము నాకు మిక్కిలి ప్రీతిపాత్రమైనది. సోకు కణమును సోకని కణమును కలిపి ఒక్క సంకరకణముగా చేయుదురు. సోకని కణములో ఏదో ఒక వస్తువు కొరవడియున్నచో, రెండవ కణము దానిని సమకూర్చును గాన సంకరకణమునకు వైరసు సోకును. అట్లుగాక సోకని కణములో వైరసునకు ప్రతికూలమైన పదార్థ మున్నచో, అది సంకరకణములోను పనిచేయును గాన వైరసు సోకదు.

ఎయిడ్సు వైరసు విషయమున ఈ పరీక్ష రెండు సందర్భములలో రెండు విరుద్ధమైన సమాధానము లిచ్చినది. ఎలుకకణములు ఆ వైరసును వృద్ధిపొందనీయవు. మానవకణముతో కలిపిన ఎలుకకణములో ఆ యాటంకము తొలగినది. వెదుకగా, సైక్లిన్ టి1 అను ప్రోటీనులో ఎలుకకును మనిషికిని గల భేదములలో ఒకే ఒక అమైనో ఆమ్లపు భేదముచే వైరసుయొక్క టాట్ ప్రోటీను ఎలుకకణములో సరిగా పనిచేయజాలదని 1998 ప్రాంతమున తేలినది. అది లేమి. మరొకచోట, విఫ్ అను జన్యువును తొలగించిన ఎయిడ్సు వైరసు కొన్ని లింఫోసైట్లలో పెరుగుచు, వానికి అతిసమీపబంధువులైన మరికొన్నింటిలో పెరుగకుండెను. 1998లో రెండు బృందములు ఆ యిరుతెగల కణములను కలిపి చూడగా సంకరకణములు వైరసును నిరోధించినవి. కనుక ఆయుధమున్నది. ఆన్ షీహీ, మైకేల్ మాలిం ప్రభృతులు 2002లో ఆ యాయుధమును పట్టుకొనిరి. అది అపోబెక్3జి అను ఎంజైము. క్రొత్తగా పుట్టు వైరసులో తాను గూడ కూర్చుండి, అది తరువాతి కణమును చేరి డి.ఎన్.ఏ. వ్రాసికొనుచుండగా అక్షరములను మార్చివేసి ఆ లిపిని అర్థశూన్యముగా చేయును. విఫ్ ప్రోటీను పని ఈ ఎంజైమును నాశనము చేయించుటయే.

ఇట్టి ఆయుధములు ఇంకను కలవు. ఎయిడ్సు వైరసు రీసస్ కోతికణములోనికి ప్రవేశించును గాని వెంటనే నిలిచిపోవును. వైరసు అంతఃకవచమును పట్టుకొను ట్రిమ్5ఆల్ఫా అను కోతిప్రోటీనే అందులకు కారణమని 2004లో సోద్రోస్కి ప్రయోగశాల వెల్లడించినది. మన ట్రిమ్5ఆల్ఫా ఆ వైరసును అంతగా పట్టుకొనలేదు. విభజనమాని విశ్రాంతిలోనున్న లింఫోసైట్లలోను, కొన్ని భక్షకకణములలోను శామ్‌హెచ్‌డి1 అను ఎంజైము డి.ఎన్.ఏ. నిర్మాణమునకు వలయు ముడిసరకును తరిగించి వైరసును ఆకట చంపునని 2011, 2012 సంవత్సరములలో తేలినది. ఆయుధమే లేమిని కలిగించు ఈ ఉదాహరణము నేను పైన గీచిన విభజనరేఖను కొంత చెరుపుచున్నదని ఒప్పుకొనవలెను.

ఈ యాయుధములలో పెక్కింటిని మేల్కొలుపునది ఇంటర్ఫెరాను. 1957లో లండనునందలి మిల్‌హిల్ పరిశోధనాలయమున అలిక్ ఐజక్స్, జాన్ లిండెన్‌మన్ అనువారు వేడిచే నిర్జీవముచేసిన ఇన్‌ఫ్లుయెంజా వైరసును కోడిగుడ్డు పొరతునియలతో కలిపి యుంచి, ఆ ద్రవమును క్రొత్త పొరలమీద పోయగా, అవి సజీవమైన వైరసును సైతము నిరోధించినవి. లిండెన్‌మనే 1962లో ఒకానొక ఎలుకజాతి ఇన్‌ఫ్లుయెంజాకు చావకుండుట గమనించి, ఆ నిరోధమునకు మూలమైన ఎమ్.ఎక్స్. జన్యువునకు దారిచూపెను. ప్రయోగశాలలలో వాడు ఎలుకజాతులలో అధికాంశమునకు ఆ జన్యువు చెడియున్నదని పిదప తేలినది. ఎలుకలలో ఫ్లూ పరిశోధనల ఫలితములను చదువువారు ఈ విషయమును మరువరాదు.

ఇంతటి రక్షణ చేతనుండగా అన్ని కణములును దానిని ఎల్లప్పుడును ఏల ధరింపవు? మూలకణములు కొంతవరకు ధరించును. ఇంటర్ఫెరాను పిలుపునకు అంతగా స్పందింపని ఆ కణములు ఐఫిటమ్ వంటి రక్షణప్రోటీనులను ఏ వైరసు రాకమునుపే నిర్మించి యుంచుకొనునని 2018లో చార్లెస్ రైస్ ప్రయోగశాల చూపినది. తక్కిన కణములు ధరింపకుండుటకు కారణము, రక్షణకు మూల్యము చెల్లింపవలసియుండుటయే. ఐఫిటమ్ ప్రోటీనులు పొరలు ఒకదానిలో నొకటి కలియుటను అడ్డగించును. వైరసు లోనికి వచ్చుటకు అది ఆటంకము, నిజమే. కాని తల్లిగర్భమున మావి ఏర్పడుటకు సైతము కణములు ఒకదానితో నొకటి కలిసిపోవలెను. ఇంటర్ఫెరాను హెచ్చినపుడు ఈ ప్రోటీనులే ఆ కలయికను చెరచి గర్భమునకు హాని చేయునని 2019లో ఎలుకలలో నిరూపింపబడినది.

రక్షణ కోల్పోయిన కణమువలన మనకు కలిగిన మేలును గూడ ఇచ్చట పేర్కొనుట న్యాయము. 1962లో జపానులో ఆఫ్రికా పచ్చకోతి మూత్రపిండమునుండి పెంచిన వీరో కణములలో ఇంటర్ఫెరాను జన్యువుల గుంపు లోపించినది. తామై ఇంటర్ఫెరాను తయారుచేయలేని ఆ కణములు అనేక వైరసులకు సులభముగా లొంగును. కనుకనే టీకాల తయారీకి అవి అనువైనవి. హైదరాబాదులోని భారత్ బయోటెక్ తన కోవాక్సిన్ టీకాకై కోవిడ్ వైరసును పెంచినది ఈ వీరో కణములలోనే.

ఈ జ్ఞానమంతయు చికిత్సకు అక్కరకు వచ్చునా? ఎయిడ్సు వైరసునకు సి.డి.4 అను ప్రధానగ్రాహకముతో పాటు సి.సి.ఆర్.5 గాని, సి.ఎక్స్.సి.ఆర్.4 గాని తోడుగా ఉండవలెనని 1996లో తేలినది. సి.సి.ఆర్.5 జన్యువులో 32 అక్షరములు లోపించి, అట్టి ప్రతులను తల్లిదండ్రు లిరువురినుండి పొందినవారు ఉత్తరయూరపు సంతతిలో నూటికి ఒకరు ఉందురు. వారికి ఈ వైరసు చాల అరుదుగా సోకును. 2007లో బెర్లినునందు గెరో హ్యూటర్ అను వైద్యుడు, రక్తక్యాన్సరును ఎయిడ్సు వైరసును కలిగిన తిమోతి రే బ్రౌనునకు అట్టి దాతనుండి మూలకణముల మార్పిడి చేసెను. మందులు మానినను వైరసు తిరిగి రాలేదు. ఆయన 2020లో ఆ క్యాన్సరు తిరుగబెట్టుటచే మరణించెను, వైరసువలన కాదు. ఇది కణనిరోధశాస్త్రము సాధించిన మహావిజయమని నా దృఢాభిప్రాయము.

కాని దీనిని సర్వజనులకు మార్గముగా భావించుట పొరబాటు. అట్టి మార్పిడిలో ప్రాణాపాయము హెచ్చు. జర్మనీలోనే మరొక రోగికి ఇట్టి మార్పిడి చేయగా, సి.ఎక్స్.సి.ఆర్.4 ద్వారమును వాడు వైరసు తిరిగి తలయెత్తినది. సి.సి.ఆర్.5 లేకుండుట కూడ నష్టరహితము కాదు. అట్టివారిలో వెస్ట్‌నైల్ వైరసు తీవ్రవ్యాధిగా పరిణమించు ప్రమాదము హెచ్చని 2006లో వెల్లడియైనది. ఒక వైరసునుండి కాపాడిన లోపమే మరొక వైరసునెదుట బలహీనతయైనది. సి.సి.ఆర్.5 ద్వారమును మూయు మారవిరాక్ అను మందు 2007నుండి వాడుకలో నున్నది. అయినను దానిని ఇచ్చుటకు ముందు వైద్యుడు ఆ రోగి దేహమందలి వైరసు ఏ ద్వారమును వాడుచున్నదో పరీక్ష చేయింపవలెను, సి.ఎక్స్.సి.ఆర్.4ను వాడుచున్నచో ఆ మందు ఇయ్యరాదు.